కమిటీ గుర్తించని జింక

జింక కోసం ఖాళీగా ఉంచిన ఫ్రీజర్‌లో ఒక మొక్కజొన్న గింజల సంచి దొరకడంతో, అక్టోబరు నెలాఖరున వాండర్‌మోలెన్ గారింట్లో సంక్షోభం తలెత్తింది.

“ఇదేంటి?” అన్నాడు గెరిట్, సంచిని రెండు వేళ్లతో పైకెత్తి.

“మొక్కజొన్న,” అంది అతని భార్య అలీడా.

“అది కనబడుతూనే ఉంది. రేపు జింక వస్తే ఎక్కడ పెడతాం?”

“పదకొండేళ్లుగా రాని చుట్టానికి పక్క వేసే ఉంచాను కదా. ఆ మూల ఈ సంచి పడుకుంటే ఏం పోయింది?”

“చూడు, జింకను ఎవరు కొడితే ఈ ఫ్రీజర్ వాళ్లది. అంతవరకు ఇందులో చెయ్యి పెట్టకు.”

అలీడా సంచి తీసేసుకుంది. ఆ వేసవిలో ఆమె ఒలిచి ఉడికించిన మొక్కజొన్నంతా ఎప్పటిలాగే ఇరుగుపొరుగు ఫ్రీజర్లలో పరాయి పంచన ఉంది. శీతాకాలమంతా సొంత మొక్కజొన్నను తలుపు తట్టి అడిగి తెచ్చుకోవడం ఆమెకు అలవాటే. అలవాటైనా ఇష్టం లేదు. అయితే మాటను మాటగానే తీసుకునే మనిషి కాబట్టి, మొగుడన్న మాటను మనసులో భద్రంగా మడిచి పెట్టుకుంది.

అప్పట్లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం దక్షిణ భాగంలో జింకను రైఫిల్‌తో కొట్టడానికి చట్టం ఒప్పుకునేది కాదు. షాట్‌గన్‌లో స్లగ్ అనే ఒంటి సీసపు గుండు వేసుకుని కొట్టాలి. ఇంత సులువైన పనిని తొందరపడి చెడగొట్టకూడదన్న సదుద్దేశంతో ఊరి పెద్దలు స్లగ్ తుపాకీ ఎంపిక కమిటీని ఏర్పాటు చేసుకున్నారు. గెరిట్ అధ్యక్షుడు, అతని తమ్ముడు వెస్సెల్ కార్యదర్శి, చర్చి పాస్టర్ గారు తటస్థ సభ్యులు. అందరూ ఒకే రకం తుపాకీ కొనాలనీ, ఏ రకమో తేలేదాకా ఎవరూ కొనరాదనీ మొదటి సమావేశంలోనే తీర్మానించారు. పదకొండేళ్లలో పొల్లుపోకుండా అమలైన తీర్మానం అదొక్కటే.

సమస్య చిన్నది కాదు. గేజ్ అంటే తుపాకీ గొట్టం లావు కొలత, అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. పన్నెండు గేజ్ తుపాకీ బలంగా కొడుతుంది, జింకనూ, కొట్టినవాడి భుజాన్నీ సమానంగా. ఇరవై గేజ్ భుజాన్ని కరుణిస్తుంది. ఇరవై పన్నెండు కంటే చిన్నదని పెద్దమనుషులంతా ఒప్పుకునే లెక్క ప్రపంచంలో ఇదొక్కటే కావడంతో, దాన్ని కొత్త సభ్యులకు బోధించడానికే రెండేళ్లు పట్టింది. ఆ తర్వాత గొట్టం సంగతి వచ్చింది. నున్నటి గొట్టానికి ఒక రకం స్లగ్, లోపల మెలికల గాడి ఉన్న గొట్టానికి మరో రకం. గేజ్ తేలిన ఏడాది గొట్టం తేలలేదు. గొట్టం తేలిన ఏడాది, ఆ గొట్టం పాత గేజ్‌కు నప్పదని గేజ్‌ను తిరగదోడారు.

చర్చిలో పన్నెండు వర్గం ఎడమవైపు, ఇరవై వర్గం కుడివైపు కూర్చోవడం మొదలైంది. పాస్టర్ గారు పన్నెండుమంది శిష్యుల గురించి ప్రసంగించిన ఆదివారం కుడివైపు బల్లలు ఖాళీ అయ్యాయి. తటస్థులైన పాస్టర్ గారు వారమంతా వెతికి, పై ఆదివారం యోసేపును అన్నలు ఇరవై వెండి నాణేలకు అమ్మేసిన ఘట్టం చదివారు. దాంతో కుడివైపు వాళ్లు మరింత నొచ్చుకున్నారు. ఈలోగా కమిటీ కూర్చునే తుపాకుల కొట్టు కిటికీ దగ్గరికే ఒక జింక వచ్చి, రాలిన ఆపిల్ పళ్లు తింటూ చాలాసేపు నిలబడింది. దాని పక్కటెముకల మందం ఎంత ఉండవచ్చో సభ్యులు అంచనా వేసి మినిట్స్ పుస్తకంలో రాసుకున్నారు.

నవంబరు పదిహేనున వేట మొదలైంది. అంతకు వారం ముందే అలీడా అదే కొట్లో, ముందు బల్ల దగ్గర, తన పేర లైసెన్సు తీసుకుంది. వెనక గదిలో కమిటీ సమావేశం జరుగుతున్నందున ఎవరికీ వినపడలేదు.

వేట మొదలైన ఆ మంగళవారం పొద్దున గెరిట్ సమావేశానికి బయలుదేరాక, ఆమె వేటగాళ్లు వేసుకునే నారింజరంగు చొక్కా తొడుక్కుని, అటక మీది నాన్న తుపాకీ దింపి తుడిచి, నాన్న వేసే రకం స్లగ్గే వేసుకుని, క్యాబేజీ మడి పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. మడిని మూడేళ్లుగా మేస్తున్న మగ జింక వేళకు వచ్చింది. పదహారణాల జింక. ఒక్క దెబ్బతో పని ముగిసింది. ట్రాక్టరుకు కట్టి లాగించి, మాంసం కోసిచ్చే ముసలాయన దగ్గర కోయించి, తెల్లకాగితం పొట్లాలను ఫ్రీజర్‌లో సర్దింది. తొమ్మిది రోజులు ఎవరూ చూడలేదు. ఖాళీగా ఉందని ఊరంతటికీ తెలిసిన పెట్టెను ఎవరు తెరుస్తారు?

కమిటీ ముగ్గురూ కూర్చున్న థాంక్స్‌గివింగ్ పండుగ భోజనంలో టర్కీ కోడి పక్కన మరో పళ్లెం వచ్చింది. అత్తగారు టీనా రెండోసారి వడ్డించుకుంది.

“ఇదేం మాంసమే అమ్మాయ్, వెన్నలా ఉంది?”

“జింక, అత్తయ్యా.”

గెరిట్ ఫోర్కు కింద పెట్టాడు.

“ఎవరు కొట్టారు?” అన్నాడు గెరిట్.

“నేనే. ఫ్రీజర్ ఎవరిదో నువ్వే చెప్పావు.”

వెస్సెల్ గొంతు సవరించుకున్నాడు. “ఏ గేజ్, వదినా?”

“నాన్న తుపాకీ మీద పదహారు అని ఉంది.”

“గొట్టం?”

“పొడుగ్గా ఉంది.”

వెస్సెల్ కోటు జేబులోంచి మినిట్స్ పుస్తకం తీసి మొదటి పేజీ నుంచి వెతికాడు. “పదహారు మన పరిశీలనలోనే లేదన్నయ్యా. ఈ జింకను కమిటీ గుర్తించలేదు.”

“గుర్తించని జింకను లెక్కలోకి తీసుకోలేం,” అన్నాడు గెరిట్, భార్యకు సర్దిచెబుతున్నట్టు. “కాబట్టి ఫ్రీజర్ సంగతి...”

“నిజమే. గుర్తించని జింకను తినడం కూడా తప్పే,” అంటూ అలీడా లేచి పళ్లెం తీసేసింది. పాస్టర్ గారి ఫోర్కు దానివెంట కొంతదూరం వెళ్లింది.

పదకొండేళ్లు తేలనిది ఆ తర్వాత అర నిమిషంలో తేలింది. గెరిట్ రుమాలుతో మూతి తుడుచుకుని లేచి, సుదీర్ఘ అధ్యయనం ఫలించిందనీ, కమిటీ పదహారు గేజ్‌ను, పొడుగాటి గొట్టాన్ని ఏకగ్రీవంగా ఎంపిక చేసిందనీ, ఈ జింక ఆ కృషికి తొలి ఫలమనీ, ఫ్రీజర్ ఇకపై కమిటీ ఆస్తి అనీ ప్రకటించాడు. వెస్సెల్ అంతా రాసి, కింద ‘సహకారం: శ్రీమతి అలీడా’ అని చేర్చాడు.

అలీడా పళ్లెం మళ్లీ బల్ల మీద పెట్టింది.

“సంతోషం. అందరూ కడుపునిండా తినండి. రేపటి నుంచి ఈ ఇంట్లో వంటపాత్ర ఎంపిక కమిటీ పనిచేస్తుంది. ఇనప మూకుడా, అల్యూమినియం గిన్నా అన్నది తేలేదాకా పొయ్యి వెలిగించరాదని మొదటి తీర్మానం.”

“నేను బలపరుస్తున్నా,” అంది అత్తగారు, నోట్లో ముక్కతోనే.

వెస్సెల్ పెన్ను మూత పెట్టలేదు. “ఎన్నాళ్లు పట్టొచ్చు, వదినా?”

“మగవాళ్లకే పదకొండేళ్లు పట్టింది. మేం ఇంకాస్త ఆలోచించి చేస్తాం.”