సాధు స్వభావం గల కుక్కగొడుగు

మనిషి నిప్పు కనిపెట్టిన రోజున నాగరికత మొదలైందని బళ్లో చెబుతారు. అది నిజం కాదు. నిప్పు రాజేసుకునే ముందు అర్జీ పెట్టుకోవాలని రెండో మనిషి చెప్పిన రోజున మొదలైంది. ఆ రెండో మనిషి వారసులే నేటికీ ఊహాజనిత ప్రాణుల ధ్రువీకరణ కార్యాలయాన్ని నడుపుతున్నారు. ఎవరు పడితే వాళ్లు లేని ప్రాణుల్ని పుట్టించుకుంటూ పోతే ఉన్న ప్రాణుల గతేం కావాలన్నది ఆ కార్యాలయం బెంగ. (ఉన్న ప్రాణుల కార్యాలయాన్ని పొదుపు కోసం ఇందులోనే కలిపేశారు.)

ఆ సోమవారం నాలుగో కౌంటరు ముందు నిలబడిన మనిషి ఓ ఆటల రచయిత్రి. నలుగురు బల్ల చుట్టూ చేరి, పాచికలు వేస్తూ, తామేదో మహావీరులమనుకుని గుహల్లో తిరిగే ఆటలుంటాయి కదా, అలాంటి ఆట కోసం రెండేళ్లు కూర్చుని రాక్షసుల పుస్తకం రాసింది. అన్నీ నేల కింద బతికే రాక్షసులే. ఏడాదికోసారి జరిగే ఆటల సంత ఈ ఆదివారమే. అక్కడికి పుస్తకం చేరాలంటే శుక్రవారం సాయంత్రానికల్లా వాళ్లన్నయ్య ప్రెస్సులో మెషిన్ ఎక్కాలి. ముద్ర పడని రాక్షసుణ్ణి అచ్చేస్తే ప్రెస్సుకి తాళం పడుతుంది. అన్నయ్య తోడబుట్టినవాడే గానీ, ఈ విషయంలో మాత్రం ఎవరి మొహమాటానికీ లొంగడు. మిగతావాటన్నిటికీ ముద్ర పడింది, అట్ట మీదికెక్కే రాక్షసి ఒక్కటే మిగిలింది.

గుమాస్తా ఫారం అటూ ఇటూ తిప్పి చూశాడు. అందులో ఉన్నవి రెండే గళ్లు: మొక్క, జంతువు.

“రెండూ ఖాళీగా వదిలేశారేంటమ్మా?”

“ఇది శిలీంధ్రమండీ. మొక్కా కాదు, జంతువూ కాదు.”

“రెండూ కాకపోతే ఇక లేనట్టే కదమ్మా.”

“లేదు కదండీ. ఊహాజనితం.”

“లేకపోతే లేకపోయింది, ఏదో ఒకటి అయితే అవ్వాలిగా.” అతను పేరు రాసిన చోట వేలు పెట్టాడు. “కుక్కగొడుగు. ఇదిగో, కుక్క అని మీరే రాశారు!”

ఆమె నోరు తెరిచేలోపు జంతువు గడిలో టిక్కు పడింది. ఫైలు రెండో అంతస్తులోని శునక విభాగానికి వెళ్లిపోయింది. (గొడుగు సంగతి వస్తువుల విభాగం చూడాలి గానీ, వానాకాలం కానందున మినహాయింపు ఇచ్చారు.)

శునక విభాగం సూపరింటెండెంటు మర్యాదస్తుడు. మంగళవారం ఆమె వెళ్లగానే కుర్చీ చూపించి, కలం తీసి, అసలు విషయానికొచ్చేశాడు.

“కరుస్తుందా?”

“కరవదండీ. చీకట్లో అడుగుల చప్పుడు వింటూ కూర్చుంటుంది. మనిషి దగ్గరికొచ్చాక బూజులాంటి పొడి వదుల్తుంది. అది పీల్చినవాళ్ల చెవుల్లోంచి గొడుగులు మొలుస్తాయి. మూడో రోజుకి వాళ్లే దానికి కాపలా కాస్తారు.” చెబుతుంటే ఆమెకే ఒళ్లు జలదరించింది. తను రాసిన వాటన్నిట్లోకీ ఆ పొడంటేనే ఆమెకి ప్రాణం.

“అంటే, కరవదు” అని ఆయన ‘సాధు స్వభావం’ అని రాసుకున్నాడు.

“అయ్యో, సాధువేంటండీ! ఇది అతి ప్రమాదకరం. అట్ట మీద కూడా అదే వేయిస్తున్నాం. సాధువైతే ఎవరు భయపడతారు? ఎవరాడతారు?”

“కరిస్తే ప్రమాదకరం, కరవకపోతే సాధువు. మా దగ్గర ఉన్నవి ఆ రెండే. రేపు పుస్తకంలోనూ ఇదే వెయ్యాలమ్మా, రికార్డుకీ పుస్తకానికీ తేడా రాకూడదు. ఆఁ, ఇరుగుపొరుగు వాళ్లకి అభ్యంతరం లేదని సంతకం కావాలి. పక్క గుహలో ఎవరుంటారు?”

“గుడ్డి సాలీడు.”

“చదువుకుందా?”

“లేదండీ.”

“అయితే వేలిముద్రలు. ఎనిమిదీ వేయించండి.”

సాయంత్రం వంటింటి బల్ల దగ్గర ఎనిమిది వేళ్లకి సిరా పూసుకుని కూర్చున్న చెల్లెల్ని చూసి అన్నయ్య ఆగిపోయాడు.

“ఏంటే ఇదంతా?”

“సాలీడు వేలిముద్రలు.”

ఆయన కాగితం ఎత్తి వెలుతురులో చూశాడు. “ఐదోది అలుక్కుపోయింది. మళ్లీ వెయ్యి, లేకపోతే తిప్పి పంపుతారు.”

బుధవారం టీకా. పశువుల డాక్టరు ఆ రాక్షసి గురించి రాసిందంతా చదివి, ఎందుకైనా మంచిదని చెవులు తడుముకుని, “భుజం ఏదమ్మా దీనికి?” అన్నాడు. లేదు, ఉన్నదల్లా కాడేనని ఆమె చెప్పింది. ఆయన బొమ్మలో కాడ మీద దూదితో రుద్ది, సూది గుచ్చాడు. నెల రోజులు గీసిన బొమ్మకి చిల్లు పడింది. రాత్రికి జ్వరం వస్తే కంగారు పడొద్దన్నాడు. గురువారం ఆఫీసు ఉంది గానీ, బీరువా తాళం చెవి ఉన్నాయన సెలవు పెట్టాడు.

శుక్రవారం నాలుగింటికి పత్రం చేతికొచ్చింది. ‘కుక్కగొడుగు. ఆడా మగా తెలియదు. టీకా పూర్తి. సాధు స్వభావం.’ ఇక సంతలో ‘అతి సాధువైన భూగర్భ రాక్షసులు’ అని బోర్డు పెట్టుకుని కూర్చోవాలి, లేదా ఇంకో ఏడాది ఆగాలి. ఆమె ఆఫీసు మెట్ల మీదే కూలబడి, వచ్చేపోయేవాళ్లు చూస్తున్నా పట్టించుకోకుండా బావురుమని ఏడ్చింది. కాసేపటికి కళ్లు తుడుచుకుంటూ లేచి, చూసుకోక కింది మెట్టు మీద పడుకున్న కుక్క తోక తొక్కింది. అది ఆమె పిక్క కరిచి పట్టుకుంది.

కుంటుకుంటూ మళ్లీ రెండో అంతస్తుకి వెళ్లింది. “సార్, కుక్క కరిచిందండీ!”

సూపరింటెండెంటు అయ్యయ్యో అంటూ రిజిస్టరు తెరిచాడు. “రికార్డులో ఉన్న కుక్క ఒక్కటేనమ్మా. మీదే.”

“అది కాదండీ! కింద మెట్ల మీద, గోధుమ రంగుది...”

“రికార్డులో లేని కుక్క కరవడానికి వీల్లేదు కదమ్మా.” ఆయన ఎర్ర సిరాతో ‘సాధు స్వభావం’ కొట్టేసి, ‘అతి ప్రమాదకరం’ అని రాసి, గుండ్రటి ముద్ర వేశాడు. “కంగారు పడకండి. టీకా వేయించిన కుక్కే కాబట్టి మీకు సూది అక్కర్లేదు.”

ఆమె ఏడుపు టక్కున ఆగిపోయింది. కాగితం రెండుసార్లు చదువుకుని, ముద్ర తడి ఆరకముందే ఫోన్ తీసింది.

“అన్నయ్యా, మెషిన్ ఎక్కించెయ్. అట్ట మార్చక్కర్లేదు!”

“ఒక్క నిమిషమమ్మా” అన్నాడు సూపరింటెండెంటు. “పెంచుకున్నాక కుక్కని అలా ఊరి మీదికి వదిలేస్తే ఎలా? క్షమాపణ పత్రం రాసిచ్చి వెళ్లండి.”

రాసిచ్చింది. రెండు కాపీలు: ఒకటి ఆఫీసుకి, ఒకటి బాధితురాలికి.