నాలుగో పూస స్నేహం

నాలుగో పూసకూ నూట పదహారో పూసకూ స్నేహం బయటపడి పన్నెండేళ్లు నిండిన సందర్భంగా పరిశోధనాలయం పెద్ద హాలులో అభినందన సభ జరిగింది. పూసలు హాజరు కాలేకపోయాయి. అవి కంటికి ఆనేవి కావు గనుక, వాటి తరఫున ప్లాస్టిక్ బంతులతో నిలువెత్తు నమూనా చేయించి వేదిక మీద నిలబెట్టారు. స్నేహం అందరికీ కనిపించాలని రెండు బంతుల మధ్య ఎర్ర తీగ కట్టారు. ఆ స్నేహాన్ని కనిపెట్టిన పెద్దాయన తీగ పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చున్నారు.

విషయం తెలియని పాఠకులు ఉండరు గానీ, పొరపాటున ఉంటే వారి కోసం నాలుగు ముక్కలు. ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాలను వరసగా గుచ్చిన గొలుసు. అందులో ఒక్కో పూసనూ శాస్త్రజ్ఞులు అవశేషం అంటారు. ఆ మాట వింటే ఎవరో పోయారేమో అనిపిస్తుంది కనుక మనం పూస అనే అందాం. ఈ గొలుసు తిన్నగా ఉండదు, దారపు ఉండలా ముడుచుకుపోతుంది. అందువల్ల ఎక్కడో మొదట్లో ఉన్న పూస, ఎక్కడో చివర ఉన్న పూస పక్కకు వచ్చి కూర్చుంటుంది. మిల్లీమీటరును కోటి ముక్కలు చేస్తే అందులో ఎనిమిది ముక్కల దూరం లోపల ఉన్న పూసలు తాకుతున్నట్టు లెక్క. అంతకు మించితే ఒకదాని మొహం ఒకటి చూడనట్టు లెక్క. ఏ పూస ఏ పూసను తాకుతోందో జాబితా తయారు చేయడం ఒక ఉద్యోగం. ఆ ఉద్యోగం చేసే ఆవిడను అందరూ దూరాలమ్మ అంటారు.

దూరాలమ్మది తాత్కాలిక ఉద్యోగం. ఆరు నెలలకోసారి కాగితం మీద పొడిగిస్తూ తొమ్మిదేళ్ల దాకా తెచ్చారు. ఆ భవనంలో అంతకంటే స్థిరమైనది మెట్ల కింద ఉన్న ఆమె గది ఒక్కటే. దానికి కిటికీ లేదు. దూరాలు కొలిచే మనిషికి కిటికీ ఉంటే చూపు చెదిరే ప్రమాదం ఉందని పరిపాలన విభాగం అభిప్రాయపడింది.

ఇంతకీ ఆ స్నేహం వల్ల లోకానికి ఏం ఒరిగింది అంటే, చేతులు వణికే జబ్బుకు కారణం తెలిసింది. నాలుగో పూసా నూట పదహారో పూసా మరీ అంటకాగడం వల్ల ప్రొటీన్ బిగుసుకుపోతోందని, వాటిని విడగొడితే వణుకు తగ్గుతుందని పెద్దాయన రాశారు. ఏడు దేశాల్లో ఏడు పరిశోధనాలయాలు అవునన్నాయి. ఎవరికైనా అనుమానం వస్తే పెద్దాయన కోప్పడేవారు కాదు. ఆ ప్రొటీన్‌కు మూలమైన జన్యువున్న ట్యూబును తమ స్టోరు నుంచి ఉచితంగా పంపేవారు. వారు దానితో ప్రొటీన్ తయారు చేసుకుని, కొలుచుకుని, తమకూ అదే స్నేహం కనిపించిందని కృతజ్ఞతలతో జాబు రాసేవారు. శాస్త్రంలో దీన్ని స్వతంత్ర నిర్ధారణ అంటారు.

ఆ పూసలను విడగొట్టే మాత్ర కూడా తయారైంది. మొదటి విడత పరీక్షల్లో ఎవరికీ వాంతి కాలేదు, తల తిరగలేదు, నిద్ర చెడలేదు. ఒంట్లో ఏమీ జరగలేదు. ఇంత సురక్షితమైన మందును తాము పుట్టి బుద్ధెరిగాక చూడలేదని వైద్యులు సంతకాలు చేశారు. రెండో విడతలో చేరిన రోగుల్లో దూరాలమ్మ తల్లి ఒకరు. ముప్పై ఏళ్లు బట్టలు కుట్టిన మనిషి. చేతులు వణకడం మొదలయ్యాక మిషను మీద గుడ్డ కప్పేసింది. పాత మాత్రలు వేసుకున్నంత కాలం గ్లాసు ఒక చేత్తో పట్టుకునేది. కొత్త మందు పరీక్షలో చేరాలంటే పాతది మానాలన్నది నియమం కాబట్టి మానేసింది. ఇప్పుడు గ్లాసుకు రెండు చేతులూ చాలడం లేదు.

"వణుకు ఎక్కువైంది కదమ్మా?" అని దూరాలమ్మ అడిగింది.

"ఎక్కువైతే ఏమైందే? మందు లోపల పని మొదలుపెట్టిందన్నారు డాక్టరు గారు. పని జరిగే ఇంట్లో చప్పుడుండదూ?" అంది తల్లి, ఒలికిన నీళ్లు కొంగుతో తుడుచుకుంటూ.

సభ అయిన మర్నాడు పెద్దాయన దూరాలమ్మకు ఒక ఫైలు పంపారు. ఎక్కడో దూర దేశంలోని పరిశోధనాలయానికి ఆయన పంపిన ట్యూబు చిరునామా తప్పై వెనక్కి వచ్చేసింది. పాపం, వారు గత్యంతరం లేక మనిషి ఒంట్లోంచే ఆ ప్రొటీన్ తీసి దాని ఆకారం కనుక్కున్నారు. "ఎనిమిదో దేశం కూడా ఒప్పుకున్నట్టు జాబితా చేసివ్వమ్మా," అని చీటీ మీద ఉంది.

దూరాలమ్మ జాబితా చేసింది. నూట పదహారో పూస ఒంటరిగా ఉంది. తన లెక్క తప్పనుకుని మళ్లీ చేసింది. కంప్యూటరు తప్పనుకుని ఇంకో కంప్యూటరులో చేసింది. ఎనిమిది ముక్కల దూరాన్ని పదికి పెంచింది, పన్నెండుకు పెంచింది. నూట పదహారో పూస చుట్టుపక్కల నాలుగో పూస జాడ లేదు. గొలుసు మొదటి నుంచి పూసలు ఒక్కొక్కటే సరిచూసుకుంటూ పోతే తెలిసింది, ఆ నాలుగో పూసే ఈ గొలుసులో లేదు. పరిశోధనాలయం ఇన్నాళ్లూ కొలిచిన గొలుసుకు ముందు ఆరు పూసలు అదనంగా ఉన్నాయి, వాటిలో నాలుగోదే అది.

ఆమె స్టోరుకు వెళ్లింది. ట్యూబుల మీద చీటీలు అంటించే స్టోరు గుమాస్తా పన్నెండేళ్ల నాటి పుస్తకం తీసి చూపించాడు. మొట్టమొదటి ట్యూబు ఎదురుగా 'తోకతో' అని రాసి ఉంది.

"తోకేమిటండీ?" అంది దూరాలమ్మ.

"ప్రొటీన్‌ను మిగతా సరుకులోంచి బయటికి లాగాలి కదమ్మా. అందుకని మనమే ఆరు పూసల తోక ఒకటి తగిలిస్తాం. ఆ తోక నికెల్‌కు అతుక్కుంటుంది, పట్టుకుని లాగేస్తాం. పనయ్యాక కత్తిరించేస్తాం."

"మరి కత్తిరించలేదే?"

"కత్తిరించే ఎంజైము ఆ వారం అయిపోయింది. ఈసారికి కానిచ్చేయండన్నారు పెద్దాయన," అన్నాడు గుమాస్తా పుస్తకం మూస్తూ. "తర్వాత ఎవరూ అడగలేదమ్మా."

అలా ఈసారి అన్నది పన్నెండేళ్లు సాగింది. పెద్దాయన పూసలను తోక నుంచే లెక్కపెట్టారు. ఏడు దేశాలూ ఆయన పంపిన తోకనే కొలిచి నిజమేనన్నాయి. లోకంలో ఏ మనిషి ఒంట్లోనూ లేని స్నేహాన్ని విడగొట్టే మాత్ర కోసం తన తల్లి పనిచేసే మందు మానేసి కూర్చుంది. దూరాలమ్మకు ఒళ్లు మండింది. ఆ వెంటనే భయం కూడా వేసింది, ఎందుకంటే ఆమె ఆరు నెలల కాగితం పెద్దాయన బల్ల మీద సంతకం కోసం ఎదురుచూస్తోంది. కాగితం పోతే పోయింది, అమ్మ చేతులు ముఖ్యం అనుకుని ఆయన గది తలుపు తట్టింది.

పెద్దాయన అంతా విన్నారు. కళ్లజోడు తీసి తుడిచి పెట్టుకున్నారు.

"అంటే, మనుషుల్లో ఈ తోక లేదంటావు?"

"లేదండీ."

"ఒక్కరిలోనూ?"

"ఎలా ఉంటుందండీ? తగిలించింది మనమే కదా."

ఆయన లేచి వచ్చి ఆమె తల మీద చెయ్యి పెట్టారు. "ఎంత పెద్ద విషయం కనిపెట్టావమ్మా!" అన్నారు.

మూడు రోజుల్లో విలేకరుల సమావేశం జరిగింది. పెద్దాయన ఇలా ప్రసంగించారు: "మిత్రులారా! పన్నెండేళ్లుగా మేము పరిపూర్ణమైన ప్రొటీన్‌ను పరిశీలిస్తూ వచ్చాం. మానవులలో అది అసంపూర్ణంగా ఉందన్న కఠోర సత్యం ఈ వారమే మా దృష్టికి వచ్చింది. సమస్త మానవజాతీ ఆరు పూసల కొరతతో జన్మిస్తోంది. ఈ దుస్థితికి మేము తోక లోపం అని నామకరణం చేస్తున్నాం. మందు విఫలమైందని కొందరు అపోహపడుతున్నారు. మందు విఫలం కాలేదు, మనిషే మందుకు తగినట్టు లేడు!" చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది.

నిపుణుల సంఘం వెంటనే చికిత్సా విధానం ఖరారు చేసింది. ముందు రోగికి తోక ఎక్కించాలి. తోక ఎక్కితే స్నేహం కుదురుతుంది. స్నేహం కుదిరాక దాన్ని విడగొట్టే మాత్ర ఇవ్వాలి. దీన్ని సమగ్ర చికిత్స అన్నారు. ఏడు దేశాల పరిశోధనాలయాలూ తమ తమ ప్రజలను పరీక్షించి, ఎవరికీ తోక లేదని నెల తిరక్కుండానే నిర్ధారించాయి. ఈసారి వాటికి ట్యూబు పంపే అవసరం కూడా రాలేదు.

ఇదంతా అన్యాయమని దూరాలమ్మ నాలుగు పేజీల లేఖ రాసింది. ఆ లేఖను ఆమె పేరుతోనే శాస్త్ర పత్రికలో అచ్చువేశారు. 'మనుషుల్లో ఎవరికీ ఈ తోక లేదు' అన్న ఆమె వాక్యాన్ని పెద్ద అక్షరాలతో గోడలకు అంటించారు, కింద ఆమె ఫొటో. లోపాన్ని తొలిసారి గుర్తించినందుకు ఆమె ఉద్యోగాన్ని శాశ్వతం చేసి, తోక లోప నిర్ధారణ విభాగానికి అధిపతిని చేశారు. కొత్త గదికి రెండు కిటికీలు ఉన్నాయి.

ఆమె ఇంటికి వెళ్లి తల్లి ముందు పాత మాత్రలు పెట్టింది. "అమ్మా, ఆ కొత్త దాంట్లో ఏమీ లేదు. ఇవి వేసుకో."

"ఇన్నాళ్లూ నా ఒక్కదానికే ఈ ఖర్మ అని కుమిలిపోయానే. అందరికీ ఉందటగా!" అంది తల్లి ముఖం విప్పార్చుకుని.

"అది రోగం కాదమ్మా. నేను చెబుతున్నాను కదా."

"నువ్వేగా కనిపెట్టావు? గోడ మీద నీ మాట రాశారు, పక్కింటావిడ చదివి వినిపించింది. గోడ మీద ఒకటి, ఇంట్లో ఒకటి చెబితే నేను దేన్ని నమ్మనే తల్లీ?"

ఎంత బతిమాలినా తల్లి పాత మాత్ర ముట్టలేదు, పైగా వెళ్లి తోక ఎక్కించుకుని వచ్చింది. కూతురి మీద ఆమెకు అంత నమ్మకం. దూరాలమ్మ ఏడ్చింది. ఏడ్చి, మొహం కడుక్కుని, కొత్త మందు డబ్బా ఖాళీ చేసి అందులో పాత మాత్రలు పోసింది.

నెల రోజుల్లో తల్లి గ్లాసు ఒక చేత్తో పట్టుకుంది. ఇంకో పదిహేను రోజులకు మిషను మీద గుడ్డ తీసి సూదిలో దారం ఎక్కించింది. డాక్టరు గారు పరుగెత్తుకొచ్చి ఫొటో తీయించారు. సమగ్ర చికిత్స సాధించిన మొదటి విజయంగా ఆమె కేసును నమోదు చేశారు. డబ్బాలో మాత్రలు మార్చింది తానేనని దూరాలమ్మ చెబితే తల్లి ఆ డబ్బా ముట్టదు, చేతులు మళ్లీ మొదటికి వస్తాయి. అందుకని ఆమె నోరు మెదపలేదు. ఆ ఫొటో చూసి ఊరూరా వేలమంది పాత మాత్రలు మానేసి వరస కట్టారు. వారి డబ్బాల్లో మాత్రలు మార్చడానికి ఇంట్లో దూరాలమ్మలు లేరు.

ఇప్పుడు పరీక్ష చాలా సులువైంది. రక్తం ఇవ్వనక్కర్లేదు, మనిషి రానక్కర్లేదు. లోపం ఉన్నట్టు కాగితాలు ముందే అచ్చై, దూరాలమ్మ సంతకంతో సిద్ధంగా ఉన్నాయి. పేరు రాసుకోవడానికి పైన ఖాళీ వదిలారు. మీరు కూడా ఒకటి తెప్పించుకోవచ్చు. నాకేం, దుక్కలా ఉన్నాను, ఇన్నేళ్లలో ఆ తోక లేదన్న సంగతే తెలియలేదు అంటారేమో. కాగితం వెనక లక్షణాల జాబితా ఉంది, అందులో మొదటిది అదే.