ప్రభుత్వ తాడు వాపసు

గోగువలస జూట్ మిల్లులో మంగళవారం ఎనిమిది వందల పన్నెండు మందికి తొలగింపు నోటీసులు అందాయి కాబట్టి, మధ్యాహ్నానికల్లా ఎనిమిది వందల పన్నెండు మందీ నేల విడిచి గాలిలోకి లేచారు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. పోయినేడు పక్క ఊరి ఇనుప కర్మాగారం మూసినప్పుడూ ఇంతే. ఉద్యోగం పోయిన మనిషికి బరువుండదని మా జిల్లాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

సాయంత్రం కార్మిక శాఖ వారు తాళ్లు పంచారు. మనిషికి పన్నెండు మూరలు, వేలిముద్ర వేసి తీసుకోవాలి. తాడు లేకపోతే గాలి ఎటు వీస్తే అటు పోవడమే. గాలి వివరాలు ప్రతి సోమవారం ఆఫీసు బోర్డుకు అంటిస్తారు. ఈ వారం హైదరాబాదు వైపు, అపార్టుమెంట్లకు వాచ్‌మన్లు కావాలి. వచ్చే వారం చెన్నై వైపు, ఇటుక బట్టీలు. అలా పోయినవాళ్లలో తిరిగొచ్చినవాళ్లు తక్కువ.

స్పిన్నింగులో ఇరవై రెండేళ్లు చేసిన పైడిరాజును అతని భార్య గౌరమ్మ వాకిట్లో రోలుకు కట్టుకుంది. నిచ్చెనెక్కి మూడు పూటలా అన్నం పెట్టేది. షిఫ్టుల పుణ్యమా అని ఇన్నేళ్లూ మొగుడు తింటుంటే చూసే యోగం ఆమెకు పట్టలేదు. లోపల సంతోషమే, పైకి మాత్రం విసుక్కునేది.

"కాళ్లాడించకు మావా. పులుసు ఒలికిపోతాది."

నడుస్తున్న యంత్రం ఆపకుండా తెగిన పోగును రెప్పపాటులో ముడివేయడం మిల్లులో పైడిరాజు పని. ఆ వేళ్లు ఊరుకోవు. ప్రభుత్వ తాళ్లు వారానికే పీచులేచాయి. ఎవరి తాడు తెగబోతున్నా గౌరమ్మ అతన్ని తాడు పట్టుకుని ఆ ఇంటికి నడిపించుకుపోయేది, అతను పైనుంచే ముడివేసేవాడు. వాళ్లు రెండు అరటికాయలో, గుప్పెడు చింతపండో ఇచ్చేవారు.

మూడోవారం సర్వేకు వచ్చిన కార్మిక శాఖ గుమాస్తా ఆ అరటికాయలు చూశాడు.

"ఇవెక్కడివమ్మా?"

"మా మావ ముడులేసినందుకిచ్చినారు బాబూ. ఆయన సలవే, ఈదిలో ఒక్కడు కూడా ఎగిరిపోనేదు," అంది గౌరమ్మ గొప్పగా.

గుమాస్తా ఫారంలో 'స్వయం ఉపాధి' అని రాసుకున్నాడు.

"శుభవార్తమ్మా. మీ ఆయన నిరుద్యోగుల జాబితాలోంచి దిగిపోయాడు."

గౌరమ్మ పైకి చూసింది. పైడిరాజు ఇంటి పెంకుల ఎత్తులోనే ఉన్నాడు.

"దిగనేదు గదా బాబూ."

"కాగితం మీద దిగాడు. తాడు నిరుద్యోగులకే. వాపసు ఇచ్చేయండి."

"ఇచ్చేత్తే ఎగిరిపోతాడు."

"ఉపాధి ఉన్న మనిషి ఎగరడు కదమ్మా," అన్నాడు గుమాస్తా ఓర్పుగా. చెడ్డవాడేం కాదు. ముడి విప్పడానికి తనే సాయం పట్టాడు. పైడిరాజు వేసిన ముడి కావడం వల్ల చాలాసేపు పట్టింది.

నెల తిరిగేసరికి వీధి వీధంతా స్వయం ఉపాధిలో చేరింది. ఒకరికొకరు గడ్డాలు గీసుకున్నవాళ్లను, ఎండబెట్టిన ఒడియాల మీది కాకుల్ని పైనుంచి తోలినవాళ్లను కూడా లెక్కలోకి తీసుకున్నారు. జిల్లాలో నిరుద్యోగం లేదని బోర్డుకు అంటించారు. తాళ్లు గోదాముకు చేరాయి.

గౌరమ్మ ఇప్పుడు ఎడమ చేత్తో మొగుడి పాదం పట్టుకునే ఉంటుంది. బియ్యం కడగడం, వాకిలి ఊడవడం అన్నీ కుడి చేత్తోనే. బట్టలు పిండాల్సి వస్తే తనదో చెయ్యి, పక్కింటామెదో చెయ్యి కలుపుతారు. పక్కింటామె రెండో చేతిలోనూ ఒక పాదం ఉంటుంది.

"సెయ్యి లాగుతోందేటే?" అని పైనుంచి అడుగుతాడు పైడిరాజు.

"అలవాటైపోనాది మావా."

నెలనెలా గుమాస్తా వస్తాడు. గౌరమ్మ ఒంటి చేత్తోనే నమస్కారం పెడుతుంది. అతనేమీ అనుకోడు.