రోజు ధర నుంచి నెల జీతానికి ప్రసూన పదోన్నతి

ఒకే పనికి రెండు ధరలు కట్టగలగడమే నాగరికతకు కొలమానం. ఆ లెక్కన మన కడప జిల్లా ఎన్నడో నాగరికమైంది. ప్రొద్దుటూరులోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ దానికి కాగితాలు మాత్రమే సమకూర్చింది.

జమ్మలమడుగు ప్రసూన ఆ కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తుంది. బీమా సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం ఆమె పని. అదే కంపెనీలోని పులివెందుల సురేంద్ర పట్టేదీ ఆ తప్పులనే. అయితే అతడు నెల జీతగాడు, ఆమె రోజుకు ఐదువేల కాంట్రాక్టు. కాంట్రాక్టు వారికి ధర ఎక్కువ, సెలవు సున్న. (వారు జబ్బుపడరని కంపెనీ విశ్వాసం. విశ్వాసానికి ఖర్చు లేదు.)

నాలుగో నెల గర్భిణిగా ఉన్నప్పుడు, ప్రసవానికి జీతంతో కూడిన సెలవు దొరుకుతుందన్న ఒకే కారణంతో, ఆదాయం తగ్గినా సరేనని, తనను నెల జీతంలోకి మార్చమని ఆమె అర్జీ పెట్టుకుంది. అర్జీ ధరల సవరణ ఉపసంఘానికి చేరింది. ఉపసంఘం అప్పుడు ధరలు సవరించడంలో మునిగి ఉంది. మొదట కాంట్రాక్టు ధర నాలుగువేలయింది. కారణం, మనుషులు ఎక్కువయ్యారు. తరువాత మూడున్నరవేలయింది, కారణం, నాలుగువేలకు తగ్గించినా ఎవరూ మానలేదు. ఈ పరిశోధనకు మూడు నెలలు పట్టింది. గర్భానికి అటువంటి ఉపసంఘం లేనందువల్ల అది ఆగలేదు.

ఏడో నెలలో వేతన వర్గీకరణాధికారి ప్రభుదాస్ వీడియో కాల్‌లో కనిపించి, అర్జీ మంజూరైందని చెప్పాడు. ప్రసూన పక్కనే ఆమె తండ్రి ఓబులయ్య కూర్చున్నాడు. నలభై ఏళ్లు గొర్రెలు మేపినవాడు కనుక ఒప్పందాల విషయంలో ఆయనకు కొంత శాస్త్రజ్ఞానం ఉంది.

"మేం ఆసామి గొర్రెల్ని సగం పాలుకు మేపుతామప్పా. ఈనితే పిల్లల్లో సగం ఆసామివి. మీ కాడ రూలేంది?"

"అట్లాంటి రూలు ఇంకా రాలేదు పెద్దాయనా."

("ఇంకా" అన్న మాటను అధికారి జాగ్రత్తగానే వాడాడు.)

"సరే. మా పాపకు సెలవిస్తారా, ల్యాదా?"

"ఎందుకియ్యం? నెల జీతంలో చేరినాక ఎనభై దినాలు పన్జేస్తే చాలు."

ప్రసూన వేళ్లు మడిచి లెక్కపెట్టింది. "సార్, డాక్టరమ్మ డెబ్బై దినాలే చెప్పింది."

"పది దినాలే గదమ్మా తేడా. ఎట్లన్నా జరుపుకోరాదా?"

"ఏంది సార్ జరిపేది, మీటింగా?"

"మూన్నెల్లు మీరు నిద్రపోయి, ఇప్పుడు బిడ్డను ఆగమంటాండారా?" అన్నాడు ఓబులయ్య.

"ఫైలు నిద్రపోలేదప్పా. పెండింగులో ఉన్యాది."

మరుసటి రోజే ప్రసూన నెల జీతంలోకి ప్రవేశించింది. అరవై ఎనిమిదో రోజున, నిబంధనలు చదవని ఆడపిల్ల జమ్మలమడుగు ఆసుపత్రిలో పుట్టింది. సెలవు మంజూరైంది, జీతం లేకుండా.

ఆమె లేనందువల్ల తప్పులు పట్టేవారు కరువయ్యారు. కరువైనందువల్ల ధర పెరిగింది. పెరిగినందువల్ల ప్రకటన వెలువడింది. అది మొదట చేరింది బాలింత మంచం మీదున్న ప్రసూన ఫోనుకే. ఆమె స్థానంలోనే ఆరు నెలల కాంట్రాక్టు, రోజుకు ఎనిమిదివేలు, మీ అనుభవం నూటికి నూరు శాతం సరిపోతుంది అని అందులో ఉంది. ఇప్పటికే కంపెనీ నెల జీతంలో చేరినవారు, సెలవులో ఉన్నా సరే, దరఖాస్తు చేయరాదని కింద చిన్న అక్షరాల్లో ఉంది.