నెట్ గుంజిన మోటరు

కంబదూరులోని సమస్త దొంగలకూ ఇదే నా హెచ్చరిక. మారెక్క రంగంలోకి దిగింది! నా కళ్లుగప్పిన నేరస్తుడు ఇంతవరకు పుట్టలేదు. కోడిపుంజు మాయమైన కేసులో వాసన పట్టి నేరుగా దొంగల ఇంటికే చేరుకున్నాను. కాకపోతే వాళ్లు వడ్డించిన కూర తిని, చెయ్యి కడుక్కున్నాకే అది మా పుంజని తెలిసింది.

ఇక ఈ కేసు. మా ఇంటికి నెట్ వైరు ముందు గది వరకే వస్తుంది. మనవరాలు జయంతి తన పాత ల్యాప్‌టాప్‌ను స్టూలు మీద పెట్టి, వైరు దానికి తగిలించి, అందులోంచి ఇల్లంతా వైఫై పారేలా చేసింది. బోరు నీళ్లు ట్యాంకుకెక్కించి కొళాయిలకు వదిలినట్టన్నమాట.

నేను అంగడి నుంచి వచ్చేసరికి లోపలి గదిలోంచి కేక.

"జేజీ, నెట్ మళ్లా పాయ! పదకొండుకు ఇంటర్వ్యూ. ఈ ఉద్యోగమైతే ఈడనే కూచోని చేసుకోవచ్చు. తప్పితే బెంగళూరుకు పోవాల్సిందే."

బెంగళూరా! అది పోతే నాతో పోట్లాడేదెవరు? ముందు గదిలో నాలుగు అడుగులు వేశానో లేదో, నెట్ తిరిగొచ్చింది. మారెక్క అడుగుల చప్పుడుకే దొంగ వణికాడు!

పక్కింటి దాదాబీ అక్కడే చాటలో వేరుశనక్కాయలు ఒలుస్తూ కూర్చుంది. నా పరిశోధనలన్నిటికీ బలవంతపు సాక్షి ఆమే.

"దాదాబీ, ఇది ఎదురింటి సుబ్బన్న పని. కొళాయికి మోటరు బిగించి వీధి నీళ్లన్నీ గుంజుకునేది వాడే కదా? ఇప్పుడు నెట్ గుంజుతాండాడు."

"నెట్టును మోటరు గుంజుతాదా మారెక్కా?"

"వైరులో వచ్చేదాన్ని గుంజక వదులుతాదా?"

పదకొండు అయింది. లోపల జయంతి గొంతు విప్పింది. ఎదురింట్లో మోటరు గుర్రుమంది. దొంగ దొరికాడు! బయల్దేరబోతే తెరిచిన ల్యాప్‌టాప్ మీద దాదాబీ చాట.

"తీయి దాన్ని!"

"కింద చీమలుండాయి. యాడ పెట్టేది? నువ్వు పోయి రా."

వాదించే సమయం లేదు. సుబ్బన్న ఇంట్లోకి దూకి మోటరు వైరు పీకేశాను. బాత్‌రూము తలుపు తెరుచుకుంది. తలనిండా సబ్బు నురగతో, తువ్వాలుతో సుబ్బన్న.

"ఏమక్కా ఇది! నీళ్లొచ్చేదే వారానికొక తూరి!"

"నెట్ దొంగా! నురగ వెనక దాక్కుంటే వదుల్తాననుకుంటివా?"

కంట్లో సబ్బు పడి పాపం వాడు చెంబు కోసం తడుముకుంటూ లోపలికి పోయాడు. విజయగర్వంతో ఇంటికొచ్చాను. జయంతి గొంతు గలగలా వినిపిస్తూనే ఉంది.

అంతలో ఎదురింట్లో మోటరు మళ్లీ గుర్రుమంది. అయినా జయంతి గొంతు ఆగలేదు.

"మోటరు తిరుగుతానే ఉండాది, నెట్టూ ఉండాది," అంది దాదాబీ పప్పు నములుతూ.

డిటెక్టివ్ వెనకడుగు వేయదు. రెండో దాడికి లేచాను. చాట తీసి దాదాబీ ఒళ్లో పెట్టాను. ల్యాప్‌టాప్ మూసి, రెండు చేతులా కళ్లకద్దుకున్నాను. తెరిచిన పుస్తకం అలాగే వదిలేసి గడప దాటితే సరస్వతి అలుగుతుందని మా ఇంట్లో పట్టింపు. ల్యాప్‌టాప్ కూడా చదువుల పెట్టే కదా! బయటికి పోయేటప్పుడు మూస్తాను, రాగానే తెరుస్తాను.

"హలో? హలో? సార్?" లోపల జయంతి అరిచింది.

దాదాబీ నన్ను చూసింది. నేను ల్యాప్‌టాప్‌ను చూశాను.

"మా పిల్లోడు షారుక్‌ది కూడా మూత పెడితే నిద్రపోతాది," అంది నెమ్మదిగా.

మూత ఎత్తాను. కాసేపటికి లోపల "యెస్ సార్" వినిపించింది. ఆ మూత తిరిగి పడుతుందేమోనని ఇంటర్వ్యూ అయ్యేదాకా రెండు చేతులా పట్టుకునే ఉన్నాను.

జయంతి పరుగున వచ్చింది. "జేజీ, వచ్చేసింది! సోమవారం నుంచి చేరమన్నారు. ఈ గదిలోంచే! నడాన ఒక తూరి నెట్ పోయింది గానీ... దొంగ దొరికినాడా?"

దాదాబీ నోటినిండా పప్పు వేసుకుని గోడవైపు తిరిగింది.

"దొరికింది," అన్నాను. "ఎవరో ముసల్ది. చదువంటే భక్తి రోంత ఎక్కువ. మందలించి వదిలేసినా."