మే మూడో తారీఖు స్పాంజి కేకు

"ఇవాళ ఆ టేబుల్ ఎక్స్‌పోర్ట్ చేసేస్తే నా పని అయిపోయినట్టే," అంది రొవీనా, కాల్చిన రొట్టె మీద వెన్న రాస్తూ.

ఆమె మొగుడు క్లెమ్ నమలడం ఆపేశాడు. అతను గోధుమ రైతు. ఎక్స్‌పోర్ట్ అంటే అతనికి తెలిసింది రేవు, ఓడ, అవతల ఒక దేశం.

"ఏ టేబులు? ఇదేనా? ఇది మా అమ్మమ్మదే! ఏ దేశానికి పంపిస్తావ్?"

"నీ తలకాయ దేశానికి! కంప్యూటర్లో టేబులయ్యా. రేపు ప్రదర్శనకి ఎవరెవరు ఏమేం తెస్తున్నారో అదంతా డేటాబేసులో పట్టికలా ఉంది. దాన్ని స్ప్రెడ్‌షీట్లోకి తీసి, అక్కణ్ణుంచి ఒక్కోదాని ముందు పెట్టే కార్డులు అచ్చేస్తా."

"అలా చెప్పు. రేపట్నుంచి నిలబడి తినాలేమో అనుకున్నా."

"ఏదైనా తెలిస్తే మాట్లాడు, తెలియకపోతే తిను."

క్లెమ్ తిన్నాడు. రొట్టెతోపాటు చీవాట్లు కూడా.

వండూలా ఊరికి ఏటా సెప్టెంబరులో జరిగే వ్యవసాయ ప్రదర్శనే పెద్ద పండుగ. ఊరి పేరులోనే 'వండు' ఉంది కాబట్టి అక్కడ ఆబోతులకన్నా, పొట్టేళ్లకన్నా కేకులకే పౌరుషం ఎక్కువ. ఆ ప్రదర్శనకు ఏళ్ల తరబడి డల్సీయే కార్యదర్శి. కార్బన్ కాగితం పెట్టి, ప్రతి కార్డూ చేత్తోనే రాసేది. కార్యదర్శి పోటీలో పాల్గొనకూడదని నియమం. అందుకని ఊరందరి కేకులకూ కార్డులు రాసిందే కానీ, ఆవిడ కేకు ఒక్కసారైనా బల్ల ఎక్కలేదు. ఈ ఏడు పదవిని రొవీనాకు అప్పగించి, జీవితంలో మొదటిసారి స్పాంజి కేకుల పోటీకి పేరిచ్చింది.

మధ్యాహ్నం ఆఫీసు గదికి వచ్చి మరీ చెప్పింది. "అమ్మాయ్, ఇన్నేళ్లూ అందరికీ వడ్డించా. ఇప్పుడు పంక్తిలో నేనూ కూర్చుంటున్నా. నా కార్డు మాత్రం పాడుచెయ్యకు తల్లీ."

"నేను రాస్తే కదా ఆంటీ పాడవడానికి! కంప్యూటర్ రాస్తుంది."

"అదే నా భయం," అంది డల్సీ.

నిజానికి భయపడాల్సినంత పనేమీ కాదు. డేటాబేసులో పట్టిక తెరవడం, ఎక్స్‌పోర్ట్ అన్న మాట మీద నొక్కడం, వచ్చిన ఫైలును స్ప్రెడ్‌షీట్లో తెరవడం. రొవీనా మూడూ చేసింది. అన్నిటికన్నా పైన ఆబోతుల వరుసలు కనిపించాయి. ప్రదర్శన అధ్యక్షుడు బార్నీకి ఆబోతులున్నాయి, అవి ఎక్కడైనా ముందుండాలని ఆయన పట్టుదల. 42-1, 42-2 అని చక్కగా ఉన్నాయి. అంటే నలభై రెండో విభాగం, ఒకటో తరగతి, రెండో తరగతి. మధ్యలో అడ్డగీత డల్సీ చేతిరాత కాలం నుంచీ వస్తున్న ఆచారం. పైన బాగుంటే కిందా బాగుంటుందనుకుని రొవీనా అచ్చు మీట నొక్కేసింది.

కింద బాగులేదు. కేకులది మూడో విభాగం, అందులో స్పాంజి ఐదో తరగతి. 3-5 అని కనపడగానే స్ప్రెడ్‌షీటు "ఓహో, తారీఖు కాబోలు" అని తనలో తనే తీర్మానించుకుని, దాన్ని '3 మే' చేసి కూర్చోబెట్టింది. అడిగితే సాయం చేసేవాళ్లతో ఏ చిక్కూ లేదు. అడగకుండా చేసేవాళ్లతోనే కొంప మునుగుతుంది.

కార్డులు కత్తిరించి, పోటీదారు పేరు లోపలికి పోయేలా మడిచే పని క్లెమ్‌ది. తారీఖులు అతని కంటపడ్డాయి. ఇవేమిటని అడుగుదామని నోరు తెరిచాడు. పొద్దుటి టేబుల్ గుర్తొచ్చి మూసేశాడు.

మర్నాడు కేకుల న్యాయనిర్ణేత మిస్ పెట్రీ పక్క జిల్లా నుంచి సొంత కత్తితో దిగింది. వాళ్ల జిల్లాలో కార్డు మీద కేకు చేసిన తారీఖు వేయడం పద్ధతి. స్పాంజిల బల్ల దగ్గరికి వచ్చి, మొదటి కార్డు చదివి, కేకు ముందు నిలబడి కేక పెట్టింది.

"మే మూడా! ఇది సెప్టెంబరమ్మా!"

పక్క కొట్టంలో గొర్రెలు కూడా 'మే' అన్నాయి.

ఆవిడ వేలితో కేకును నొక్కింది. అది దూదిలా పైకి లేచింది. అది డల్సీది.

"నాలుగు నెలలైనా ఇంత మెత్తగా ఉందంటే ఇందులో ఏ మందు కలిపారో! ముట్టను గాక ముట్టను," అని కార్డు బోర్లించేసింది.

జనాన్ని ఆపడానికి కట్టిన తాడు అవతల డల్సీ చేతిరుమాలు నోట్లో కుక్కుకుంది. బాతుగుడ్లు గిలక్కొట్టి ఆ తెల్లవారుజామునే చేసిన కేకు. ఆ మాట ఒక్కటి చెబితే చాలు. కానీ తీర్పు అయ్యేలోపు ఇది నాదని నోరు జారిన పోటీదారును తొలగించాలని నియమం. ఆ నియమం రాసింది డల్సీయే.

మిస్ పెట్రీ ముందుకు సాగింది. లామింగ్టన్లనే కొబ్బరి కేకులు జూన్ మూడు. బిస్కెట్లు ఆగస్టు మూడు. గుమ్మడికాయ స్కోన్లనే బుల్లి రొట్టెల దగ్గర కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది.

"నవంబరు మూడు! ఇవి ఇంకా చెయ్యనే లేదు!"

ఆలు లేదు చూలు లేదు, స్కోను పేరు సోమలింగం.

చివరికి తారీఖు లేని కార్డు ఒక్కటే మిగిలింది. 3-13. మగవాళ్లు ఇల్లాలి సాయం లేకుండా చేయాల్సిన చాక్లెట్ కేకు. దాన్ని తెచ్చినవాడు క్లెమ్. పొట్లంలోంచి పిండి పోసి, పొయ్యి తలుపు పదిసార్లు తీసి చూసి, మధ్యలో పడిన గుంతను చాక్లెట్ ముద్దతో పూడ్చిన ఘనకార్యం అది. మిస్ పెట్రీ ఒక ముక్క కోసి నోట్లో వేసుకుంది.

"కేకుకి నడుం విరిగింది. కానీ తాజాది," అని నిట్టూర్చి, ప్రదర్శన మొత్తానికే ఉత్తమ కేకు పట్టీని దాని మెడలో వేసింది.

ఎగుమతి కాస్తా ఎగతాళి అయింది. పూల డేరాలో 'ఏప్రిల్ 1' గులాబీలు ఇంకా వాడకపోవడం చూసి ఆడవాళ్లు రహస్యం చెప్పమని మూగారు. కోళ్ల కొట్టంలో 'ఫిబ్రవరి 7' కోడిగుడ్లను ఇద్దరు మగవాళ్లు ఊపిరి బిగబట్టి, నాటుబాంబులు మోసినట్టు కంచె దాకా మోసుకెళ్లారు. అధ్యక్షుడు బార్నీ మైకు అందుకుని, కేకుల డేరాలో ఎవరైనా ఏదైనా తిని ఉంటే వెంటనే ప్రథమ చికిత్స డేరాకు రావాలన్నాడు. ఏమీ తిననివాళ్లకు కూడా కడుపులో తిప్పడం మొదలైంది.

క్లెమ్ మాత్రం బీరు డేరాలో పట్టీ తగిలించుకుని ఉపన్యాసం ఇస్తున్నాడు. "రహస్యమేం లేదురా. చెయ్యి తిరగాలి, అంతే."

ప్రథమ చికిత్స వరుస చూసి రొవీనా కేకుల డేరాకు పరుగెత్తింది. ఒక కార్డు చూసింది. ఇంకొకటి చూసింది. నవంబరు స్కోన్ల దగ్గర నేల మీద చతికిలబడింది. ఇంతలో పట్టీ ఊపుకుంటూ క్లెమ్ వచ్చాడు.

"ఆ తారీఖులా? నేను నిన్ననే చూశాగా."

"చూసి చెప్పవేం?"

"టేబుల్ అంటేనే తిట్టావ్. కార్డు అంటే కొడతావేమోనని."

రొవీనా అతన్ని కొట్టలేదు. అంత తీరిక లేదు. నేరుగా వెళ్లి బార్నీ చేతిలోంచి మైకు లాక్కుంది.

"అందరూ వినండి! కేకులన్నీ తాజావే. తప్పు నాది. అవి తారీఖులు కావు, తరగతుల నంబర్లు. డేటాబేసులో సరిగ్గానే ఉన్నాయి. స్ప్రెడ్‌షీట్లో తెరిచేటప్పుడు ఆ నంబర్ల నిలువు వరుసలో ఉన్నది అంకెలూ తారీఖులూ కాదు, ఉత్త అక్షరాలు, ఉన్నవి ఉన్నట్టు ఉంచు అని ముందే చెప్పాలి. నేను చెప్పలేదు. అది అడ్డగీత చూసి తారీఖు అనుకుంది."

"మరి నా ఆబోతులకి పట్టలేదేం ఈ తెగులు?" అని అడిగాడు బార్నీ.

"మీ ఆబోతులు నలభై రెండో విభాగం. ఏ నెలకైనా నలభై రెండో తారీఖు ఉందా?"

"క్లెమ్ కేకో?"

"పదమూడో నెల ఎక్కడుంది?"

"అంటే డేటా కాస్తా డేటయిందన్నమాట!" అన్నాడు బార్నీ. ప్రథమ చికిత్స వరుసలో అందరికీ ఒక్కసారిగా కడుపునొప్పి తగ్గిపోయింది.

మిస్ పెట్రీ కత్తి కడుక్కుని మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టింది. ఈసారి కార్డులు చూడలేదు, కేకులే చూసింది. డల్సీ కేకు ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు కళ్లు మూసుకుంది. డల్సీ కూడా మూసుకుంది. చివరికి ఆ కార్డు మీద ఆకుపచ్చ రిబ్బన్ అంటించింది. మూడో బహుమతి.

బార్నీ గొంతు సవరించుకున్నాడు. "చూశాంగా ఈ కంప్యూటర్ నిర్వాకం! వచ్చే ఏడాదికి మళ్లీ డల్సీయే కార్యదర్శి. కార్బన్ కాగితాలు తెప్పిస్తున్నా. కాదనేవాళ్లున్నారా?"

ఊరంతా చప్పట్లు కొట్టింది. రొవీనా తల దించుకుంది.

"నేనున్నా," అంది డల్సీ.

చప్పట్లు ఆగిపోయాయి.

"కార్యదర్శినైతే పోటీ చెయ్యకూడదు. నాకొచ్చింది మూడోది. నా పైన ఇంకా ఇద్దరున్నారు, వాళ్ల సంగతి తేల్చకుండా నేనెక్కడికీ రాను. కార్డులు ఈ పిల్లే వేస్తుంది, ఆ కంప్యూటర్‌తోనే వేస్తుంది. ఏమ్మా, ఈసారి చెప్తావు కదూ దానికి, అవి అక్షరాలని?"

"చెప్తా ఆంటీ," అంది రొవీనా, ముక్కు తుడుచుకుంటూ. "అచ్చేసే ముందు కింద దాకా చూస్తా కూడా."

"ఇంకేం. బార్నీ, నీ కార్బన్ కాగితాలు నీ ఆబోతులకి వెయ్యి," అని తన కార్డు మీది రిబ్బను సరిచేసి, మొదటి బహుమతి కేకును దగ్గర్నుంచి చూడ్డానికి వెళ్లిపోయింది.

ఉత్తమ కేకు పట్టీ ఊడిపోయిన క్లెమ్‌కు తన తరగతిలో రెండో బహుమతి వచ్చింది. ఆ తరగతిలో పోటీ చేసింది అతనొక్కడే.