వినని ఆల్బమ్‌కు పదకొండేళ్ల పాఠం

తార్నాక పక్కనున్న విశ్వవిద్యాలయంలో సంగీత అధ్యయన శాఖ ఆచార్యులు కమలాకర్ గారు పదకొండేళ్లుగా ఒక విదేశీ ఫోక్ పంక్ ఆల్బమ్‌ను పాఠంగా చెబుతున్నారు. పల్లెపాటను పట్టుకొచ్చి, వీధి కుర్రాళ్లు గిటారుతో, ఫిడేలుతో గొంతు చించుకుని పాడే బాణీ అది. నలభై ఏళ్ల నాటి ఆ ఆల్బమ్ మీద ఆయన రెండు పరిశోధన పత్రాలు సమర్పించారు. ఒక బంగారు పతకం కూడా అందుకున్నారు. దాన్ని వినడం ఒక్కటే మిగిలిపోయింది. తీరిక దొరకలేదు.

విననందువల్ల బోధనకు ఏ ఆటంకమూ కలగలేదు. ఈ ఆల్బమ్‌కు ప్రాణం మౌనమని ఆయన మొదటి ఏడాది సెలవిచ్చారు. విద్యార్థులు రాసుకున్నారు. రెండో ఏడాది ఆ మౌనాన్ని మూడు రకాలుగా విభజించారు. ఐదో ఏటికి అవి ఏడయ్యాయి. ఏడూ రాసినవారికి ఫస్టు క్లాసు వచ్చేది.

ఈ ప్రశాంత వాతావరణాన్ని నవనీత చెడగొట్టింది. లాలాపేట్ నుంచి వచ్చే ఈ అమ్మాయి నిరుడు ఎం.ఏ. ముగించి, అదే ఆల్బమ్ మీద పరిశోధనకు చేరింది. చేరిన మూడో నాడే ఆల్బమ్ మొత్తం వినేసింది. అలా చేయకూడదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఒక సాయంత్రం తార్నాక బస్టాపులో సారు కనబడితే, మౌనం ఏ పాటలో వస్తుందో దొరకడం లేదు, కాస్త చూపించమని వినయంగా అడిగి, తన ఇయర్‌ఫోన్లు ఆయన చేతికిచ్చింది.

తప్పించుకునే దారి లేక కమలాకర్ గారు చెవుల్లో పెట్టుకున్నారు.

మొదటి పాటకే ఉలిక్కిపడ్డారు. గొంతు బొంగురు. ఫిడేలు ముందు ఉరుకుతుంటే గిటారు రొప్పుతూ వెంటపడుతోంది. మూసేసిన ఫ్యాక్టరీ గేటు ముందు కూలీలు నిలబడి యజమానిని తిడుతున్నట్టుంది. రెండో పాటకు ఆయన చెప్పు దానంతటదే నేలను తాటించసాగింది. మూడో పాటలో గాయకుడు చరణం మరిచిపోయి, ఫక్కున నవ్వి, మళ్లీ మొదలుపెట్టాడు. ఆ నవ్వును ఎవరూ కత్తిరించలేదు. కమలాకర్ గారు కూడా నవ్వారు. పక్కనున్న ప్రయాణికులు కాస్త ఎడంగా జరిగారు. లాలాపేట్ బస్సులు రెండు వెళ్లిపోయాయి.

ముప్పై ఎనిమిది నిమిషాల తర్వాత ఆయన ఇయర్‌ఫోన్లు తీసి కళ్లు తుడుచుకున్నారు. మౌనం ఎక్కడా లేదు.

“ఇన్నేండ్లు నేను చెప్పింది ఏందమ్మా?”

“మంచిగనే చెప్పిన్రు సార్. నాకు తొంభై ఒకటి వచ్చినయ్,” అని నవనీత ధైర్యం చెప్పింది.

మరునాడు ఆయన తరగతికి స్పీకరు పట్టుకెళ్లారు. నిన్నటిదాకా తాను ఈ ఆల్బమ్ వినలేదని, చెప్పిందంతా తప్పని, నోట్సు కొట్టేసుకోమని ప్రకటించి పాట పెట్టారు. రాసుకోవడానికి ఏమీ లేక విద్యార్థులు పెన్నులు పట్టుకుని దిక్కులు చూశారు. నాలుగో పాట మధ్యలో ముందు బెంచీ ముఖేష్ లేచి నిలబడ్డాడు.

“సార్, ఇది ఎన్ని మార్కులకు వస్తది?”

“ఏమో బాబూ. ముందుగాల విను.”

ఆచార్యుల నోట రాకూడని మాట అది. సాయంత్రానికల్లా ఫిర్యాదు అందింది. సారు పాఠం చెప్పడం మాని పాటలు వినిపిస్తున్నారని అందులో ఉంది. శాఖాధిపతి శైలజ గారు వెంటనే త్రిసభ్య సంఘం వేశారు. నిష్పక్షపాతంగా ఉండాలన్న సదుద్దేశంతో సభ్యులెవరూ ఆల్బమ్ వినలేదు. అది మహత్తర కళాఖండం కనుక సిలబస్‌లో యథాతథంగా కొనసాగుతుందని, వినిపించడం మాత్రం సిలబస్‌లో లేదు కనుక నిషిద్ధమని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఏడు మౌనాలనూ తిరిగి బోధిస్తానని కాగితం మీద సంతకం పెట్టమని కమలాకర్ గారిని కోరారు.

“విన్నంక ఆ పాఠం నాకు నోట్లకెళ్లి రాదు మేడమ్,” అని ఆయన కాగితం వెనక్కి నెట్టారు.

ఆల్బమ్ పాఠాన్ని ఒక యువ అధ్యాపకుడికి అప్పగించారు. ఆయన మౌనాలను తొమ్మిదికి పెంచారని విద్యార్థులు సంతోషంగా ఉన్నారు. కమలాకర్ గారికి హాలు టికెట్ల మీద ముద్ర వేసే పని దక్కింది. ముద్రలు తాళం తప్పకుండా పడుతున్నాయని, ఆ గది ముందు నుంచి వెళ్లేవారి నడక మారుతోందని ఆఫీసువాళ్లు అంటున్నారు.

ఈ సంగతి బయటికి పొక్కాక తార్నాక జనం రెండు వర్గాలుగా చీలారు. ఆల్బమ్ గొప్పదని కొందరు, అది మన సంస్కృతిని చెడగొడుతుందని కొందరు టీ కొట్ల దగ్గర గొంతులు పెంచుకుంటున్నారు. చదువుతున్న మీరూ ఈపాటికి ఏదో ఒక వర్గంలో చేరే ఉంటారు. చేరేముందు పాట విన్నారా అని అడగడం మర్యాద కాదు.